రెండో సీడీ, మూడో చరణం

"రెండో సీడీ పెట్టండి" అని తెర మీద ఇంగ్లిషులో ఒక మాట వచ్చేది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పుడు సీడీలెవరు వాడుతున్నారక్కా, ఇంకా ఆ కోపమెందుకు అంటాడు మా తమ్ముడు. వాడికేం, నవ్వుతాడు. ఆ మే నెల ఎండలో సీపీయూని బొంతలో చుట్టి, చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని ఆటోలో కుదుపులు తిన్నది నేను.

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో బొగ్గు బాయి కుటుంబం. మా వాళ్లు గనిని గని అనరు, బాయి అంటారు. నాన్న ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ ఆ బాయిలోకే దిగాడు. ఆయన పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. నేను మరాఠీ బడిలో టీచర్ని. మా ఆయన కాగితం మిల్లులో షిఫ్టుల మనిషి. ఇంట్లో ఉన్నాడంటే కూలర్ ముందు నిద్రలో ఉన్నాడని అర్థం, కాబట్టి ఈ గొడవలో ఆయన ఊసెత్తను.

అవి వాయిదాల మీద ఏదైనా ఇంటికి వచ్చేసే రోజులు. బజారులో నెలకో కొత్త కంపెనీ బోర్డు వెలిసేది. ముందు రంగుల టీవీ వచ్చింది, తర్వాత ఫ్రిజ్ వచ్చింది, చివరికి కంప్యూటరు కూడా వచ్చింది. మా వీధిలో అదే మొదటిది. దాంతోపాటు ఒక కవరులో మూడు సీడీలు ఇచ్చారు. ఇవి రికవరీ సీడీలు, జాగ్రత్తగా దాచుకోండి అన్నారు. దేనికో చెప్పలేదు, మేమూ అడగలేదు. అయ్యగారు, అంటే మా చర్చి పాస్టరు, వచ్చి కీబోర్డు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అమ్మ పాత చీర చింపి దానికి కుచ్చుల ముసుగు కుట్టింది. చెప్పులతో ఆ గదిలోకి వస్తే నన్ను కూడా కసిరేది.

మాది తెలుగు చర్చి. పేరుకు మాత్రమే. పెద్దవాళ్లం తెలుగులో పాడతాం, కుర్రకారు పెదాలు కదుపుతారు. వాళ్ల తప్పేం లేదు. అందరూ మరాఠీ బడుల్లో చదివినవాళ్లే, ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు అక్షరం చూస్తే ముగ్గు చూసినట్టు చూస్తారు. ఒక ఆదివారం అయ్యగారు చెప్పేశారు, జూన్ నుంచి పాటలన్నీ హిందీలో పాడుకుందామని. మగవాళ్లు తలలూపారు. ఆరాధన అయిపోగానే మా అమ్మ చాప మీద నుంచి లేచి కొంగు బిగించి ఆయన ముందుకెళ్లి నిలబడింది.

"వాళ్లకు పాడరాకనా అయ్యగారు, సదవరాకనా?"

"చదవరాకనేనమ్మా. పాడాలని వాళ్లకూ ఉంది."

"అయితే వాళ్లకొచ్చిన అక్షరాలల్ల రాసిస్తం. అప్పుడు పాడుతరు గదా? మా పాటలు తీసెయ్యకుర్రి."

అయ్యగారు మంచివారు. జూన్ లోపల మరాఠీ అక్షరాల్లో పుస్తకం తయారైతే తెలుగు పాటలే ఉంచుదామన్నారు. అమ్మ ఇంటికొచ్చి కంప్యూటరు ముసుగు తీసి నన్ను పిలిచింది. "ఏమే, గిది ఊకెనే కూసున్నది గదా. రాయి" అంది. రాయడం నా పని అని నాకు ఆ క్షణం దాకా తెలియదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అమ్మ పాటలు ఏ అచ్చు పుస్తకంలోనూ లేవు. బాయి క్వార్టర్ల లైన్లలో ఆడవాళ్లు తమ మగవాళ్లను షిఫ్టుకు పంపి, వాళ్లు తిరిగొచ్చే సైరన్ కూసేదాకా గుమ్మాల్లో కూర్చుని పాడుకున్నవి. ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. వరి నాట్ల పాట వరసలో దేవుణ్ణి పిలిచేవారు. "బాయిల దిగినోని పైకి తెచ్చే తండ్రీ, పొద్దు సూపే తండ్రీ" అని అమ్మ అందుకుంటే శుక్రవారం ప్రార్థనలో ముసలమ్మలందరూ కళ్లు మూసుకునేవారు. నాన్న లోపలున్నప్పుడల్లా అమ్మ పాడిన పాట అది. ఆ లైన్లలో పాడినవాళ్లలో చాలామంది వెళ్లిపోయారు. అన్ని పాటలూ తెలిసినది ఇక అమ్మ ఒక్కతే. ఆమెకు చదువు రాదు.

అంతవరకూ బాగానే ఉంది. రాయడానికి కూర్చున్నాక నా తల తిరిగిపోయింది. మరాఠీ అక్షరాల్లో మన ఎ, ఏ రెండింటికీ ఒకటే గుర్తు, ఒ, ఓ లకూ అంతే. సరేలే, పాడేవాళ్లు సర్దుకుంటారులే అనుకుంటే అసలు గండం అమ్మతో వచ్చింది. అమ్మకు పాట మాటల్లో రాదు. రాగంలోనే వస్తుంది. అది కూడా మధ్యలోంచి రాదు. ఎక్కడ ఆగినా మళ్లీ పల్లవి నుంచి రావాల్సిందే.

"అమ్మా, మూడో చరణంల రెండో లైనేంది?"

"ఆగు, వస్తది."

"పాడకే! ఊకె మాట చెప్పు, చాలు."

"పాడకపోతె మాటెట్లొస్తదే?"

ఇక మొదలు. పల్లవి, మొదటి చరణం, మళ్లీ పల్లవి, రెండో చరణం, మళ్లీ పల్లవి. నేను కీబోర్డు మీద వేళ్లు పెట్టుకుని గుడ్లప్పగించి కూర్చోవాలి. మూడో చరణం దగ్గరికి వచ్చేసరికి పొయ్యి మీద పాలు పొంగేవి. అమ్మ లేచి వెళ్లేది. పాలు దించి వచ్చి, "ఏడున్నమే?" అనేది. మూడో చరణం అని నేను చెప్పేలోపు, ఆగు వస్తది అని పల్లవి అందుకునేది. బడిలో అరవైమంది పిల్లల్ని భరించగలను గానీ ఈవిడతో నా వల్ల కాదు దేవుడా అని నెత్తి కొట్టుకున్నాను. బాయిల దిగినోని పైకి తేవడానికి ఆ తండ్రికి పట్టనంత సేపు ఒక లైను బయటికి రావడానికి పట్టేది. ఈ మాట పైకే అన్నాను. అమ్మ నాతో మాట్లాడడం మానేసింది. మర్నాడు మళ్లీ తనే వచ్చి కూర్చుంది.

అట్లా అట్లా మే నెలలోకి వచ్చాం. ఇంకొన్ని పాటలు మిగిలాయి. ఒకరోజు పొద్దున ముసుగు తీసి మీట నొక్కితే నల్లని తెర, దాని మీద రెండు లైన్ల తెల్లని ఇంగ్లిషు అక్షరాలు. ఆపి మళ్లీ నొక్కాను. అదే. అమ్మ పక్కన నిలబడి, "ఏమంటుంది?" అని అడిగింది, జ్వరమొచ్చిన మనిషి గురించి అడిగినట్టు.

ఎస్‌టీడీ బూత్‌కు పోయి దుకాణానికి ఫోన్ చేశాను. వస్తున్నాడన్నారు. మర్నాడు చేస్తే బయల్దేరాడన్నారు. ఆ తర్వాత చేస్తే మీ ఇంటికే వచ్చాడు కదా మేడమ్ అన్నారు. చివరికి సర్వీసు ఆయన ఒక మిట్టమధ్యాహ్నం ఊడిపడ్డాడు, నోటినిండా ఖర్రాతో. వక్క, పొగాకు, సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి నలిపి దవడన పెట్టుకుంటే మా ఊరి మగాడికి ఇక మాట రాదు, తల మాత్రం ఊగుతుంది. ఆయన తెర చూశాడు, తల ఊపాడు. కిటికీలోంచి బయటికి ఉమ్మి వచ్చి, రికవరీ సీడీలు ఉన్నాయా అని మరాఠీలో అడిగాడు.

"ఉన్నాయి. అవి పెడితే బాగవుతుందా?"

"టెన్షన్ వద్దు మేడమ్. కొన్న రోజు ఎట్లా వచ్చిందో అచ్చం అట్లా అయిపోతుంది."

"పాటలు రాసుకున్నాం ఇందులో. అన్నీ వస్తాయా?"

ఆయన మళ్లీ ఖర్రా నోట్లో పెట్టుకుంటున్నాడు. తల ఊపాడు. అంతా వస్తుందని చేత్తో చూపించాడు. నేను అమ్మకు తెలుగులో చెప్పాను, మొదటి రోజు లెక్క అయితదట అని. అమ్మ ముఖం విప్పారింది. బీరువాలోంచి కవరు తెచ్చి ఇచ్చాను. ఆయన మొదటి సీడీ పెట్టాడు. తెర మీద ఏదో నాలుగు లైన్లు ఇంగ్లిషులో వచ్చాయి. నేను మరాఠీ టీచర్ని, ఇంగ్లిషు కూడబలుక్కుని చదువుతాను. మొదటి లైను పూర్తి చేసేలోపు ఆయన వేలు మీట మీద పడింది, లైన్లు మాయమయ్యాయి. అదేమిటని అడిగితే అది ఎప్పుడూ అడుగుతుందిలే అన్నాడు.

కాసేపటికి రెండో సీడీ పెట్టమంది. కవరులో చెయ్యి పెడితే మూడోది వచ్చింది. మళ్లీ పెడితే ఏమీ రాలేదు. సర్వీసు ఆయన ఖర్రా నములుతూ నా వంక చూశాడు. నేను బీరువా కింద చూశాను, పరుపుల కింద చూశాను, పప్పు డబ్బాల వెనక చూశాను. ఆయనకు ఇంకో ఇంట్లో పని ఉందట. దొరికాక పెట్టండి, అదే అడుగుతుంది, అదే చేసుకుంటుంది, మధ్యలో ఆగితే మొదటిది పెట్టి మళ్లీ మొదలుపెట్టండి అని స్కూటరెక్కి పోయాడు. వాడి స్కూటరు పంక్చరవ్వ అని తిట్టుకున్నాను.

ఇల్లంతా వెతికి వెతికి చెమటలు కారుతుంటే గాలి కోసం డాబా ఎక్కాను. గాలి ఎక్కడిది, మే నెల చంద్రపూర్‌లో డాబా అంటే పెనం. చీర మీద అమ్మ పెట్టిన వడియాలు ఎండుతున్నాయి. వాటి మీద అటూ ఇటూ రెండు కర్రలు, కర్రల మధ్య దారం, దారానికి వేలాడుతూ ఎండలో తళతళ తిరుగుతూ నా రెండో సీడీ.

"అమ్మా! పైకి రా!"

అమ్మ మోకాళ్లు పట్టుకుని పైకి వచ్చింది.

"గిదేంది?"

"కాకులొస్తున్నయ్ బిడ్డా. పక్కింటామె గూడ కట్టింది. మెరుస్తె కాకులు రావట."

"గది కంప్యూటర్ సీడీ! పక్కింటామె పాత సీడీ కట్టింది. నువ్వు నా బీరువల చెయ్యి బెట్టి కొత్తది తెచ్చి కడ్తవా?"

"ఊకెనే పడి ఉండె గదా. ఒక్కసారన్న వాడంగ నేను సూడలే. కవర్ల మూడున్నయ్, ఒకటే దీసిన."

ఒకటే తీసిందట. ఆ మాటకు నేను ఆమెకు దండం పెట్టాలి కాబోలు. నాకు నోరు ఆగలేదు. "నీ పాటలు మల్ల రావాల్నంటె గదే కావాలె! గది లేకుంటె అన్నీ పోయినట్టే!" అని అరిచాను.

అమ్మ ముఖంలో రంగు మారింది. సీడీ వైపు చూసింది. "నా పాటలు గీ పళ్లెంల ఉన్నయా?"

"ఉన్నయ్!" అన్నాను. కోపంతో అన్నానే గానీ అబద్ధం అనుకుని అనలేదు. నేనూ అదే నమ్మాను. మూడు సీడీలు పెడితే అన్నీ వస్తాయన్నాడు కదా, మరి సీడీల్లో లేకపోతే ఎక్కడ్నుంచి వస్తాయి?

అమ్మ గబగబా వెళ్లి దారం తెంపింది. సీడీని రెండు అరచేతుల్లో పెట్టుకుని కిందికి దిగింది. మా ఊళ్లో ఆరుబయట ఏది పెట్టినా బొగ్గు దుమ్ము పట్టి బూడిద రంగు తేలుతుంది, దగ్గరగా చూస్తే సీడీ కూడా అట్లాగే ఉంది. దారం ఒరుసుకున్న చోట గీతలు పడ్డాయి. అమ్మ సబ్బు నురగతో మెల్లగా కడిగి, మెత్తటి చీర కొంగుతో అద్ది, నా చేతిలో పెట్టకుండా ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. "తండ్రీ, నా పాటలనే కాకులకు కట్టిన. క్షమించు" అంది. నేను అరుస్తూనే ఉన్నాను. అరవకపోతే ఏడుస్తాననిపించింది.

మొదటి సీడీ నుంచి మళ్లీ మొదలుపెట్టాను. రెండోది పెడితే పెట్టెలో మిల్లులో ఇసుక ఆడించినట్టు గరగరమని చప్పుడు. పెట్టి ఉండగానే రెండో సీడీ పెట్టండి అంటుంది. తీసి తుడిచి పెడితే కొంచెం కదిలింది. కదిలింది కదా అని నేను ఊపిరి పీల్చుకునేలోపు ఫ్యాను ఆగిపోయింది. లోడ్‌షెడింగ్. మా డాబా మీద నుంచి చూస్తే కరెంటు కేంద్రం పొగగొట్టాలు వరసగా కనబడతాయి. దాని బూడిద మా వడియాల మీద పడుతుంది, దాని కరెంటు మాత్రం ఎవరింటికో పోతుంది. కరెంటు వచ్చాక మళ్లీ మీట నొక్కితే మొదటి సీడీ అడిగింది. పెట్టాను. గంటసేపు నడిచి రెండో దాని దగ్గరికి రాగానే మళ్లీ పోయింది. నాకు పిచ్చెక్కింది. మధ్యలో ఆగితే ఆగిన చోటి నుంచి అందుకోవచ్చు కదా, అంత పెద్ద యంత్రానికి ఆ మాత్రం తెలివి లేదా అని పెట్టెను పట్టుకుని తిడుతున్నాను. అమ్మ గుమ్మంలో నిలబడి అంతా విని, నెమ్మదిగా, "దానికి గూడ గట్లనే వస్తదేమో" అంది.

ఊర్జానగర్‌లో తమ్ముడుంటాడు. ఆ కరెంటు కేంద్రంలోనే ఉద్యోగం, వాళ్ల కాలనీలోనే క్వార్టరు. ఆ కాలనీలో కరెంటు పోదు. మర్నాడు పొద్దున్నే సీపీయూని అమ్మ కుట్టిన బొంతలో చుట్టి ఆటోలో ఎక్కాం. పెట్టె నా ఒళ్లో, సీడీల కవరు అమ్మ ఒళ్లో. దారి పొడుగునా అమ్మ ఆ కవరు మీది నుంచి చెయ్యి తియ్యలేదు. గుంటలో ఆటో ఎగిరినప్పుడల్లా డ్రైవర్ని, "జెర మెల్లగ నాయినా" అని బతిమాలింది. అతను మరాఠీవాడు, ఎవరికో ఒంట్లో బాగాలేదనుకుని నిజంగానే మెల్లగా నడిపాడు.

తమ్ముడు పక్క క్వార్టరు వాళ్ల తెర అడిగి తెచ్చి తన టేబుల్ మీద తగిలించాడు. రెండో సీడీని వెలుగుకు పట్టి చూసి, "అక్కా, దీని మీద ఎవలన్న రొట్టెలు జేసిండ్రా?" అన్నాడు. నేను చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు. టూత్‌పేస్టు తెచ్చి గీతల మీద వేలితో గుండ్రంగా రాసి కడిగాడు. మొదటి సీడీ పెట్టాం. రెండోది పెట్టాం. గరగర. సగానికి వచ్చి ఆగింది. మొదటి నుంచి పెట్టాం. మళ్లీ పేస్టు. మళ్లీ మొదటి నుంచి. తమ్ముడు డ్యూటీకి టైమవుతోందని గడియారం చూసుకుంటుంటే నేను వాణ్ణి కదలనివ్వలేదు. అమ్మ మాత్రం విసుక్కోలేదు. ప్రతిసారీ మొదటి సీడీ లోపలికి వెళ్తుంటే, "అందుకోనియ్, అందుకోనియ్" అంది. చివరికి రెండోది దాటి మూడోది అడిగింది. మూడోదాని మీద గీతే లేదు, నీళ్లలా నడిచింది.

తెర వెలిగింది. పచ్చని గుట్ట, పైన నీలాకాశం, తెల్లని మబ్బులు. అంత పచ్చదనం మా జిల్లాలో మే నెలలో ఎవరూ చూసి ఉండరు. అమ్మ ముందుకు వంగింది.

"ఎవల చేనురా గిది?"

"చేను గాదమ్మా, బొమ్మ. బాగైంది!" అని తమ్ముడు చప్పట్లు కొట్టాడు.

"మరి నా పాటలేవి?"

పాటలు పెట్టిన చోట చూశాను. ఆ చోటే లేదు. తమ్ముడు ఇంకో చోట చూశాడు, ఇంకా లోపల చూశాడు. వాడి చెయ్యి నెమ్మదించింది. కంప్యూటరు తళతళలాడుతోంది, కొన్న రోజు ఎట్లా ఉందో అచ్చం అట్లాగే ఉంది. తమ్ముడి ఇంటి ఫోన్ నుంచి దుకాణానికి చేశాను. ఆశ్చర్యం, సర్వీసు ఆయనే ఎత్తాడు, నోట్లో ఖర్రా కూడా లేదు.

"పాటలు రాలేదు! అంతా వస్తుందన్నావు కదా?"

"కొన్న రోజులాగా వస్తుందన్నాను మేడమ్. కొన్న రోజు పాటలు ఉన్నాయా?"

"మరి ఇప్పుడెట్లా? ఎక్కడికి పోయాయి?"

"అది చెరిపేసే ముందు అడిగింది కదా మేడమ్. ఇంగ్లిషులో."

ఫోన్ ఎంత గట్టిగా పెట్టానంటే గోడ మీది క్యాలెండరు ఊగింది. ఆ మనిషి నా ముందు ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. తమ్ముడి మీద అరిచాను, ఇంజనీరింగ్ డిప్లొమా చేసి ఆ మాత్రం తెలియదా అని. వాడు, "నేను బాయిలర్ల దగ్గర జేస్తనక్కా" అన్నాడు పాపం. తర్వాత అమ్మ మీద అరవబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాను. సీడీల కవరు ఇంకా ఒళ్లోనే ఉంది. "పోదాం పా" అని లేచింది, అంతే.

ఆ తర్వాత ఇంట్లో చప్పుడు లేదు. అమ్మ పాడడం మానేసింది. అన్నం వండుతూ పాడేది, గిన్నెలు తోముతూ పాడేది, బియ్యంలో రాళ్లేరుతూ పాడేది, ఆ నోరు మూతపడింది. శుక్రవారం ప్రార్థనకు ముసలమ్మలు పిలవడానికి వస్తే గొంతు బాగాలేదంది. మొదట నాకు హాయిగా అనిపించింది, అబద్ధమెందుకు. రెండు పూటలు గడిచేసరికి ఆ హాయి పోయి గుబులు పట్టుకుంది. అయ్యగారు వచ్చి పరామర్శించి, జూన్ మొదటి ఆదివారం హిందీ పాటలతో మొదలుపెడుతున్నామమ్మా అన్నారు. అమ్మ ఎదురు మాట్లాడుతుందని చూశాను. తల ఊపింది. మా అమ్మ తల ఊపింది!

ఆయన వెళ్లాక అడిగేశాను. "ఏమైందే నీకు? పాటలు కంప్యూటర్లకెల్లి పోయినయా, నీ నోట్లకెల్లి పోయినయా?"

"ఇచ్చేసిన గదనే" అంది. "ఒక్కోటి దీసి నీకిచ్చిన. నువ్వు దాంట్ల బెట్టినవ్. గిప్పుడది ఖాళీ అయింది. మల్ల ఏడికెల్లి తేవాలె? తెరిస్తె ఒక్క మాట రాకుంటె? ఆఖరికి గా బాయి పాటొక్కటే మిగిలింది మీ నాయినది."

భయపడుతోందని అప్పుడు అర్థమైంది. పాడడానికి కాదు, పాడబోతే రాకపోతే ఎట్లా అని. కోపం తప్ప నా దగ్గర ఇంకేం లేదు. విసురుగా వెళ్లి కంప్యూటరు ముసుగు లాగేశాను. మరాఠీ అక్షరాల సీడీ వేరే ఉంది, అదృష్టం కొద్దీ దాన్ని ఏ కాకికీ కట్టలేదు. అక్షరాలు ఎక్కించి బాయి పాట రాయడం మొదలుపెట్టాను. పల్లవి ఎవరినీ అడగక్కర్లేకుండా వచ్చేసింది. రాకేం, వందసార్లు వింటే రాయికైనా వస్తుంది. మొదటి చరణం వచ్చింది, రెండోది వచ్చింది. నోటితో గొణుగుతూ, మధ్యమధ్య పాడుతూ రాస్తున్నాను. నా గొంతు వింటే మా బడి పిల్లలు నవ్వుతారు. మూడో చరణంలో మొదటి లైను కూడా వచ్చింది. రెండో లైను దగ్గర ఠక్కున ఆగిపోయింది.

ఎంత తన్నుకున్నా రాలేదు. "దీపం బెట్టిన కాడ" అని అన్నాను. కాదనిపించింది. "దీపమెత్తిన కాడ" అన్నాను. అదీ కాదు. వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. నేను వెనక్కి తిరగలేదు. కావాలని కాదు, తిరిగితే మళ్లీ తల ఊపి వెళ్లిపోతుందేమోనని. "దీపం బెట్టిన కాడ దిక్కు నీవే తండ్రీ" అని ఉన్న గొంతంతా పెట్టి తప్పుగానే పాడాను.

"గట్ల గాదే!" అమ్మ చేతికి పిండితోనే గుమ్మంలోకి వచ్చింది. "దీపం బెట్టిన కాడ దిక్కెందుకే? ఎలుగున్నకాడ ఎవడన్న నడుస్తడు. ఆగు, వస్తది."

నోరు తెరిచింది. ఒక్క క్షణం ఏమీ రాలేదు. అప్పుడు పల్లవి అందుకుంది. గొంతు కొంచెం బొంగురుగా ఉంది, అయినా అందుకుంది. మొదటి చరణం, పల్లవి, రెండో చరణం, పల్లవి. ఎప్పుడూ వద్దువద్దని అరిచేదాన్ని, ఆ రోజు నోరు విప్పలేదు. మూడో చరణం వచ్చింది. సైరను కూసేదాక సల్లంగ గాయి తండ్రీ అంది, ఊపిరి తీసుకుని, "దీపమారిన కాడ దిక్కు నీవే తండ్రీ" అంది.

బాయిలో నెత్తి మీద దీపం ఆరిపోతే మనిషికి గోడ ఎక్కడో దారి ఎక్కడో తెలియదు. నాన్న ఎన్నిసార్లు చెప్పలేదు ఆ మాట! నాకు కళ్లలో నీళ్లు తిరిగి అక్షరాలు కనబడలేదు. తుడుచుకుని ఆ లైను కొట్టి, దాచుకుందామని మీట వెతుకుతుంటే తెర ఆరిపోయింది. ఫ్యాను ఆగింది. లోడ్‌షెడింగ్.

టేబుల్ మీద చెయ్యి గట్టిగా చరిచాను. ఊళ్లో ఉన్న తిట్లన్నీ తిట్టాను.

"మల్ల పోయిందా?" అంది అమ్మ.

"పోయింది. అంతా పోయింది."

"పోతె పోనియ్" అంది. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది, పిండి చేతులు ఒళ్లో పెట్టుకుని. "కరెంట్ రానియ్. మల్ల మొదటికెల్లి అందుకుంట. నువ్వు రాస్కో."

జూన్‌కు పుస్తకం కాలేదు. కొన్ని ఆదివారాలు హిందీలోనే పాడాం, అమ్మ పెదాలు బిగించుకుని కూర్చునేది. వానలు వెనకబట్టాక జిరాక్సు తీసి కుట్టిన పుస్తకాలు చర్చికి పట్టుకుపోయాం. అయ్యగారు ఇచ్చిన మాట ప్రకారం పాత పద్ధతే పెట్టారు. కుర్రవాళ్లు మరాఠీ అక్షరాలు చూస్తూ తెలుగులో పాడారు, ఎ లూ ఏ లూ కలగాపులగం చేసి. అమ్మ అదేమీ పట్టించుకోలేదు. ఆ కంప్యూటరు తర్వాత ఇంకా రెండుసార్లు చచ్చి బతికింది, ఇప్పుడు లేదు. అమ్మా లేదు.

శుక్రవారం ప్రార్థనలో ఇప్పుడు ఆ పాట నేనే అందుకుంటాను. మొన్న ఒక కొత్త కోడలు, పుస్తకం ఇంట్లో మర్చిపోయి వచ్చిందట, నా మోచెయ్యి పొడిచి అడిగింది. "అక్కా, బాయి పాటల మూడో చరణం రెండో లైనేంది?"

చెప్పబోయాను. నోటికి రాలేదు. ఆ పిల్ల విసుగ్గా నా ముఖం చూస్తోంది.

"ఆగు, వస్తది" అన్నాను. పల్లవి అందుకున్నాను.